చలి పొద్దున కారు తీసేటప్పుడు

పుష్యమాసంలో లంబసింగి వెళ్లారా? అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి దగ్గర కొండల్లో ఉన్న ఊరు అది. కొన్ని రాత్రులు అక్కడ చలి 5 డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. అలాంటి చలిలో పొద్దున్నే కారు తీయబోతే మొరాయిస్తుంది. ఎందుకు?

చలికాలంలో సీసాలో కొబ్బరినూనె గడ్డకడుతుంది కదా! ఇంజనులో పోసే ఆయిలు అంతలా గడ్డకట్టదు గానీ, చిక్కబడుతుంది. అన్ని భాగాలకూ చేరడానికి కాస్త సమయం పడుతుంది. బ్యాటరీ బలం కూడా తగ్గుతుంది. అందుకని తాళం తిప్పేటప్పుడు లైట్లు ఆపి ఉంచాలి. 10 సెకన్లలో అందుకోకపోతే కాసేపు ఆగి మళ్లీ తిప్పాలి. డీజిల్ బండిలో ముందు స్ప్రింగులాంటి పసుపు గుర్తు వెలుగుతుంది. అది ఆరాకే స్టార్టు చేయాలి.

స్టార్టయ్యింది. ఇక ఎంతసేపు నిలబెట్టాలి? "10 నిమిషాలు తిరగనివ్వు" అంటారు పాత డ్రైవర్లు. చోక్ లాగి నడిపిన పాత కార్లకు ఆ మాట సరిపోయింది. ఇప్పటి కార్లకు అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం చాలు. ఆ తర్వాత రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వాలి. నడిస్తేనే ఇంజను త్వరగా వేడెక్కుతుంది. 10 నిమిషాలు ఊరికే తిప్పితే టీ గ్లాసుడు పెట్రోలు దండగ. లీటరు ధర మీకు తెలిసిందే! కొందరు నిలబెట్టి బర్రుమని రేజ్ చేస్తారు. అప్పుడు ఆయిలు సరిగా అందని భాగాలు రాసుకుని అరిగిపోతాయి.

పెట్రోలు పోతే పోయింది. ప్రాణం సంగతి చూడండి.

కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చల్లగా ఉన్న ఇంజను దాన్ని ఇంకా ఎక్కువ వదులుతుంది. తలుపు మూసిన షెడ్డులో నిమిషాల్లోనే నిండిపోతుంది. నెత్తురులో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది చేరుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మగత వస్తాయి. చలికి నిద్ర ముంచుకొస్తోంది అనుకుంటాం! కడుపుతో ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు మరీ ప్రమాదం.

కాబట్టి ముందు షెడ్డు తలుపు బార్లా తీయాలి. స్టార్టు కాగానే కారును బయటికి తేవాలి. పిల్లలు వణుకుతున్నారని వాళ్లను షెడ్డులోనే కారెక్కించి హీటరు వేయకూడదు. మీ ఇంట్లో బండి ఎవరు తీసినా ఈ మాట మీరే చెప్పండి.

ఎవరైనా సొమ్మసిల్లితే వెంటనే బయటి గాలిలోకి తేవాలి. 108కి ఫోన్ చేయాలి. "కారు పొగ పీల్చారు" అని తప్పకుండా చెప్పాలి. ఆ మాట తెలిస్తే ఆలస్యం లేకుండా ఆక్సిజన్ పెడతారు.