వార్తల్లో పదం: ఎస్‌టీపీ

మూసీ నది ప్రక్షాళన మాట వచ్చిన ప్రతిసారీ వినిపించే పదం ఎస్‌టీపీ. అంటే మురుగునీటి శుద్ధి కేంద్రం. హైదరాబాద్‌ అంబర్‌పేటలోని ఒక కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. మురుగును ముందు జాలీల గుండా పంపుతారు; ప్లాస్టిక్‌ కవర్లు, గుడ్డపేలికలు అక్కడే చిక్కుకుంటాయి. ఇసుక అడుగుకు దిగుతుంది. అసలు పని కంటికి కనిపించని బ్యాక్టీరియాది. నీటిలో కరిగిన మలినాన్ని అది తినేస్తుంది. ఆ పని ఇక్కడ జరగకపోతే నదిలో జరుగుతుంది. అప్పుడు నదిలోని ఆక్సిజన్‌ అంతా దానికే ఖర్చయిపోయి, చేపలు ఊపిరాడక చస్తాయి. మూసీ దిగువన నల్గొండ రైతులు ఈ నది నీటితోనే వరి పండిస్తున్నారు. అందుకే ఎస్‌టీపీ కట్టడంతో సరిపోదు, రోజూ నడవాలి. ఇంటి మురుగు కోసం కట్టిన ఈ కేంద్రాలు ఫ్యాక్టరీల రసాయనాలను వదిలించలేవు. ఆ రసాయనాలను మురుగు కాలువలో కలవనివ్వకూడదు.