బొమ్మ ఉంది, శబ్దమేదీ?

ఫోన్‌లో చూస్తే మంత్రాలు, మేళం, పిల్లల అరుపులతో సహా అన్నీ వినిపించిన పెళ్లి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేసరికి మూగబోతుంది. పెదవులు కదులుతాయి, మాట రాదు. అలాంటప్పుడు చాలామంది సాఫ్ట్‌వేర్‌ని తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. దానివల్ల సాధారణంగా ఒరిగేదేమీ ఉండదు. శబ్దం ఫైలులోంచి చెవికి చేరేలోపు నాలుగైదు చేతులు మారుతుంది. ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టాకే చికిత్స.

ముందు ఫైలు సంగతి. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అనేవి టిఫిన్ క్యారియర్ల లాంటివి. ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో శబ్దం, ఒక్కోసారి మూడో గిన్నెలో మరో భాష శబ్దం. పైనుంచి చూసి లోపల ఏముందో చెప్పలేం. ఎంపీ4 అనే పేరుతోనే ఉన్న రెండు ఫైళ్లలో ఒకదాని శబ్దం ఏఏసీ పద్ధతిలో, రెండోదాని శబ్దం ఏసీ-3 పద్ధతిలో కుదించి ఉండవచ్చు. ఈ కుదింపు పద్ధతులనే కోడెక్‌లంటారు.

అసలు కుదించడం ఎందుకు? వీడియోలో శబ్దాన్ని సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి రెండు చానెళ్లు. అంటే సెకనుకు 15,36,000 బిట్లు, గంటకు దాదాపు 690 మెగాబైట్లు. అదే శబ్దాన్ని ఏఏసీ సెకనుకు 1,28,000 బిట్లలో ఇమిడ్చితే గంటకు 58 మెగాబైట్లు చాలు. 1997లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి మన చెవికున్న ఒక పరిమితిని వాడుకుంటుంది. ఒక శబ్దం గట్టిగా మోగుతున్నప్పుడు దానికి దగ్గరి శ్రుతిలో ఉన్న చిన్న శబ్దాలు మనకు వినబడవు. వినబడని వాటి కోసం బిట్లు ఖర్చు చేయకపోవడంలోనే ఉంది దీని నేర్పంతా.

ఇలా కుదించినదాన్ని తిరిగి విప్పడానికి డీకోడర్ కావాలి. వీఎల్‌సీ ప్లేయర్ రకరకాల డీకోడర్లను తనలోనే పెట్టుకుని వస్తుంది, అందుకే అందులో దాదాపు ఏదైనా పలుకుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అలా కాదు. పేటెంట్లు, లైసెన్సుల లెక్కలు చూసుకుని కొన్ని కోడెక్‌లను వదిలేస్తాయి, కొన్నింటికి ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడతాయి. ఉదాహరణకు డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టి కొనే స్టూడియో వెర్షన్‌లో కూడా లినక్స్ మీద చాలా ఏళ్లపాటు ఏఏసీ పలకలేదు. ఫోన్‌లో తీసిన వీడియోకి బొమ్మ వచ్చేది, శబ్దం వచ్చేది కాదు. అదే ఫైలు విండోస్‌లో సలక్షణంగా వినబడేది.

ఇందుకు మందు తేలికే. మీడియాఇన్ఫో అనే ఉచిత పరికరంతో లోపల ఏ కోడెక్ ఉందో చూసుకోవాలి. తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే పరికరంతో శబ్దాన్ని మాత్రమే కుదింపు లేని పీసీఎంగా మార్చి, బొమ్మను ఉన్నదున్నట్టు నకలు చేయించి, ఎంఓవీ ఫైలుగా తీసుకోవాలి. దొరికిన కన్వర్టర్‌లో వీడియో మొత్తాన్ని వేసి మార్చడం నాకు నచ్చదు. చెక్కుచెదరని బొమ్మను శబ్దం కోసం మళ్లీ కుదించి నాణ్యత పోగొట్టుకోవడం అన్యాయం.

ఫైలు బాగుంటే టైమ్‌లైన్ మీద వేవ్‌ఫామ్ చూడాలి. ఎత్తుపల్లాల గీత కనిపిస్తూ శబ్దం రాకపోతే లోపం చివరి దశలో ఉన్నట్టు. ట్రాక్ మ్యూట్‌లో ఉందా, వేరే ట్రాక్ సోలోలో ఉందా, శబ్దం హెచ్‌డీఎంఐ మానిటర్‌కో పక్క గదిలోని బ్లూటూత్ స్పీకర్‌కో వెళ్తోందా అన్నవి నిమిషంలో తేలిపోతాయి. వేవ్‌ఫామే రాకపోతే కాష్ సంగతి చూడాలి. ప్రీమియర్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్లు శబ్దాన్ని తమకు అనువైన రూపంలోకి మార్చి విడిగా దాచుకుంటాయి. ఆ పని పూర్తయ్యేదాకా క్లిప్ మౌనంగా ఉండవచ్చు. దాచుకున్న ఫైలు పాడైతే ఆ మౌనం అలాగే ఉండిపోతుంది. కాష్ తుడిచేస్తే సాఫ్ట్‌వేర్ మళ్లీ తయారుచేసుకుంటుంది, అసలు ఫైలుకు ఏమీ కాదు.

వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకునే కేసు ఒకటుంది. వేవ్‌ఫామ్ నిండుగా ఉంటుంది, మీటర్లు ఎగురుతుంటాయి, ఇయర్‌ఫోన్స్‌లో మాట వినిపిస్తుంది. వీడియోను ఒకే స్పీకరున్న ఫోన్‌లో పెడితే మాత్రం మాట మాయం. ఇది ఎక్కువగా మైక్ సెట్ మిక్సర్ నుంచి నేరుగా కెమెరాకు వైరు కలిపినప్పుడు జరుగుతుంది.

మిక్సర్ నుంచి వచ్చే ఎక్స్‌ఎల్‌ఆర్ వైరులో ఒకే శబ్దం రెండు తీగల మీద నడుస్తుంది, ఒకదాని మీద మామూలుగా, రెండోదాని మీద తలకిందులుగా. ఒక క్షణంలో మొదటి తీగ మీద +5 ఉంటే రెండోదాని మీద -5. దారిలో కరెంటు వైర్ల నుంచి 1 పాటి రొద రెండింటికీ సమానంగా అంటుకుందనుకోండి, +6, -4 అవుతాయి. అవతలి పరికరం మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసివేస్తుంది, 10 వస్తుంది. మాట రెట్టింపైంది, రొద జాడ లేదు. పొడవైన వైర్లలోనూ సభల్లో మాట శుభ్రంగా వినబడటానికి కారణం ఈ తీసివేతే.

చాలా కెమెరాల మైక్ రంధ్రం స్టీరియోది. దానికి ఈ ఏర్పాటు తెలియదు. మామూలు అడాప్టర్‌తో కలిపితే మొదటి తీగను ఎడమ చానెల్‌గా, తలకిందుల తీగను కుడి చానెల్‌గా రాసుకుంటుంది. ఇయర్‌ఫోన్స్‌లో ఒక్కో చెవికి ఒక్కో చానెల్ విడిగా అందుతుంది కాబట్టి మాట వినబడుతుంది. కాకపోతే ఎటునుంచి వస్తోందో తెలియని బోలుతనం ఉంటుంది, ఆరితేరిన ఎడిటర్లు దాన్నిబట్టే పసిగడతారు. ఒకే స్పీకరున్న ఫోన్ రెండు చానెళ్లనూ కలిపేస్తుంది. +5, -5 కలిస్తే సున్నా. శబ్దం ఎక్కడికీ పోలేదు, తనను తానే రద్దు చేసుకుంది. పాటలోంచి గాయకుడి గొంతు తీసేసే పాత కరావోకే కిటుకు కూడా ఈ లెక్కే. గొంతు రెండు చానెళ్లలో సమానంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్ని తలకిందులు చేసి కలిపితే చాలావరకు మాయమవుతుంది.

దీన్ని సరిచేయడానికి ఒక చానెల్‌ను ఇన్వర్ట్ చేయవచ్చు, లేదా ఎడమ చానెల్‌నే రెండు వైపులా నింపవచ్చు. రెండో దారి నాకు నమ్మకం. కాలర్ మైకు శబ్దం ఒక్క చెవిలోనే వస్తున్నప్పుడు కూడా ఇదే పనిచేస్తుంది.

నిజంగా శబ్దం లేని ఫైళ్లూ ఉంటాయి. స్లో మోషన్‌లో చాలా కెమెరాలు శబ్దాన్ని రికార్డు చేయవు. బయటి మైకు ప్లగ్ పెట్టగానే కెమెరా తన సొంత మైకును ఆపేస్తుంది. ఆ బయటి మైకు స్విచ్ వేయడం మరిచిపోతే గంటల తరబడి నిశ్శబ్దమే రికార్డవుతుంది. అప్పుడు వేవ్‌ఫామ్ సన్నని గీతలా కనిపిస్తుంది, దాన్ని బాగా పెద్దదిగా చేసి చూడాలి. ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్ లెక్కన 16 బిట్ల శబ్దానికి 96 డెసిబెల్స్ పరిధి ఉంటుంది. మాట గరిష్ఠ స్థాయి నుంచి 60 డెసిబెల్స్ కిందికి పడిపోయినా ఇంకా ఆరు బిట్లు మిగిలి ఉంటాయి. పెంచితే గరగరతోనైనా అర్థమవుతుంది. గీత పూర్తిగా చదునుగా ఉంటే ఆ క్లిప్‌తో కుస్తీ పట్టకుండా, ఆ సమయంలో మండపంలో తీసిన మరో కెమెరానో బంధువుల ఫోన్ వీడియోనో సంపాదించి దాని శబ్దాన్ని పెదవులకు కలపడం మేలు.