లేజర్ కాంతి క్యాన్సర్‌ను నయం చేస్తుందా?

లేజర్ వైద్యానికి సాయం కోరుతూ ఎవరైనా వచ్చినప్పుడు, అసలు అదేం చేస్తుందో దాతలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన కణాలకు శక్తినిచ్చేవి మైటోకాండ్రియా. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని తక్కువ మోతాదులో ప్రసరింపజేస్తే, వాటిలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని గ్రహిస్తుందనీ, శక్తి ఉత్పత్తి పెరిగి గాయాలు త్వరగా మానతాయనీ శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. 1960లలో హంగరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ ఎలుకల చర్మంపై ఎర్రని లేజర్ ప్రసరింపజేస్తే, గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా పెరిగాయి.

అయితే క్యాన్సర్ కణాల్లోనూ మైటోకాండ్రియా ఉంటాయి. మోతాదును బట్టి ఈ కాంతి కణాన్ని ఉత్తేజపరచవచ్చు, అణచివేయనూ వచ్చు. అందుకే కణితిపై ఇష్టం వచ్చినట్టు వాడకూడదు.

దీనివల్ల నిజమైన మేలు మరోచోట ఉంది. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారికి నోరంతా పుండ్లు పడి ముద్ద దిగదు. ఆ పుండ్లను నివారించడానికి వైద్యులు ఈ కాంతిని వాడుతున్నారు. రోగి నాలుగు ముద్దలు తినగలిగితే చికిత్స మధ్యలో ఆగదు.

కానీ ఇది ఆపరేషన్‌కో, రేడియేషన్‌కో, కీమోథెరపీకో బదులు కాదు. లేజర్‌తోనే క్యాన్సర్ పోతుందని ఎవరైనా అంటే, డబ్బు ఇచ్చేముందు క్యాన్సర్ వైద్యుణ్ణి అడగమని మా మనవి.