మినుము గింజలోని ప్రోటియేజ్ నిరోధకాలు: నిర్మాణం, ప్రయోజనం

పెంటపాడు నుండి కొల్లేరు వరకు ఉన్న డెల్టా సీమలో మినుము లేని వంటిల్లు ఉండదు. ఇడ్లీ, మినపరొట్టె, సున్నుండ అన్నింటికీ మూలమైన ఈ గింజలో మాంసకృత్తులు సమృద్ధిగా ఉంటాయి. అందుకే మనుషులతో పాటు పురుగులూ దానిని ఆశిస్తాయి. తినే జీవి జీర్ణవ్యవస్థలోని మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములను, అంటే ప్రోటియేజ్‌లను, అడ్డుకునే చిన్న ప్రోటీన్లను మొక్క తన గింజలోనే దాచుకుంటుంది. వీటినే ప్రోటియేజ్ నిరోధకాలంటారు.

పప్పుజాతి గింజల్లో ఇవి ప్రధానంగా రెండు కుటుంబాలుగా కనిపిస్తాయి. మోజెస్ కునిట్జ్ 1945లో సోయా గింజల నుండి స్ఫటిక రూపంలో వేరుచేసిన ప్రోటీన్ మొదటి కుటుంబానికి ప్రతినిధి. అందులో 181 అమైనో ఆమ్లాలు, రెండు డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి. రెండవది బౌమన్-బిర్క్ కుటుంబం. సోయాలోని దీని ప్రతినిధి 71 అమైనో ఆమ్లాల చిన్న గొలుసే అయినా, ఏడు డైసల్ఫైడ్ బంధాలు దానిని గట్టిగా బిగించి ఉంచుతాయి. వేడికి ఇది తేలికగా లొంగకపోవడానికి కారణం ఆ బిగువే. పప్పులను నానబెట్టి, బాగా ఉడికించి తినే అలవాటుకు ఈ కోణం నుండి కూడా అర్థముంది.

ఈ అణువుకు రెండు కొసలున్నాయనవచ్చు. ఒక కొసన ఉన్న వలయంలో 16వ స్థానపు లైసీన్ ట్రిప్సిన్‌ను, మరొక వలయంలో 43వ స్థానపు ల్యూసిన్ కైమోట్రిప్సిన్‌ను ఆకర్షిస్తాయి. ఎంజైము ఆ వలయాన్ని తన ఆహారమనుకొని పట్టుకుంటుంది. కానీ అక్కడి బంధం తెగడం అత్యంత మందకొడిగా సాగుతుంది, తెగినా వలయం విడిపోదు. ఎంజైము అలా చిక్కుకుపోతుంది. పురుగుకు కడుపు నిండినా అమైనో ఆమ్లాలు అందవు, ఎదుగుదల కుంటుపడుతుంది.

గింజలోనే కాక ఆకులోనూ ఈ రక్షణ ఉంది. బంగాళాదుంప, టమాటా ఆకులను పురుగు కొరికితే, కొరకని ఆకుల్లోనూ నిరోధకాలు పేరుకుంటాయని గ్రీన్, రయాన్ 1972లో చూపారు. 1987లో అలసంద ట్రిప్సిన్ నిరోధకపు జన్యువును పొగాకులో ప్రవేశపెట్టడంతో సస్యరక్షణపై ఆశలు పెరిగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంది, మినుము గింజల నుండి బౌమన్-బిర్క్ నిరోధకాలను శుద్ధిచేసి, ఆముదాన్ని ఆశించే దాసరి పురుగు వంటి వాటి మీద పరీక్షించారు.

అయితే పురుగు ఊరుకోదు. నిరోధకం ఎదురైనప్పుడు, దానికి లొంగని వేరే ప్రోటియేజ్‌లను స్రవించే గొంగళి పురుగులున్నట్లు 1995 నాటికే తెలిసింది. పప్పులను నిల్వలో తొలిచే పుచ్చు పురుగు సంగతి మరింత ఆసక్తికరం. దాని జీర్ణక్రియ ప్రధానంగా సిస్టీన్ ప్రోటియేజ్‌ల మీద నడుస్తుంది. ట్రిప్సిన్ కోసం పన్నిన వల దానిని పెద్దగా అడ్డుకోలేదు. గింజలకు నూనె పట్టించి నిల్వచేసే పద్ధతి దాని జీర్ణకోశం జోలికి పోదు. గింజ మీద పెట్టిన గుడ్లకు గాలి ఆడకుండా చేస్తుంది.