కింది వరుస కాయలు

ఆట ఇంకా తయారవుతుండగానే అభిమాని చేతికిచ్చి, తప్పులు చెప్పించుకుని, ఆ లెక్కను బయటపెట్టిన వాళ్ల కథ

మదనపల్లె టమాటా మార్కెట్లో వేలానికి ముందు కొనేవాడు బాక్సు పైవరుస చూసి ఊరుకోడు. చెయ్యి లోపలికంటా పోనిచ్చి అడుగునున్న కాయ ఒకటి లాగుతాడు. బొటనవేలితో నొక్కుతాడు. తిప్పి తొడిమ చూస్తాడు. ఆ తర్వాతే ధర మాట. రైతు దీన్ని అవమానంగా తీసుకోడు. సరుకు మీద నమ్మకముంటే తానే కుమ్మరించి చూపిస్తాడు.

వీడియో గేముల వ్యాపారం మాత్రం ఏళ్ల తరబడి పైవరుస చూపించే నడిచింది. రెండు నిమిషాల ట్రైలర్, నాలుగు మెరుపులు, చివర్లో ఒక తేదీ. ముందే డబ్బు కట్టినవాడికి అడుగున ఏముందో విడుదల రోజు రాత్రికి గానీ తెలియదు.

మదనపల్లె దగ్గరి హార్స్లీ హిల్స్ వేసవి రద్దీ మీద రాయమని ఉంటే ఈ వ్యాసం ఎప్పుడో తెమిలిపోయేది. ఎడిటర్ అడిగింది వేరు. ఆట పూర్తికాకముందే, తిట్టే అభిమానులతో నేరుగా మాట్లాడుతున్న కంపెనీల సంగతేమిటో గురువారం సాయంత్రానికి తేల్చాలి. అడగడానికి కారణం కొండ మీదే ఉంది. నాలుగు వేల అడుగుల ఎత్తున, గాలిబండ దగ్గర లోయ చూడ్డానికి వచ్చిన కుర్రాళ్లలో సగం మంది తలలు ఫోన్లలోకే వంగి ఉంటాయి. సిగ్నల్ లేకపోతే కొండను తిడతారు, ఉంటే గేము చేసినవాళ్లను తిడతారు. ఆ రెండో తిట్టు ఎక్కడికి చేరుతుంది?

చాలాసార్లు ఎక్కడికీ చేరదు. 2018 నవంబరులో అమెరికాలో బ్లిజార్డ్ సంస్థ అభిమానుల సభ పెట్టింది. కంప్యూటర్ మీద ఏళ్లుగా డయాబ్లో అనే ఆట ఆడినవాళ్లు తర్వాతి భాగం వస్తుందని ఆశగా కూర్చుంటే, వేదిక మీద ప్రకటించింది మొబైల్ గేము. ప్రశ్నల వేళ ఒకాయన లేచి ఇదేమైనా ఏప్రిల్ ఫూల్ జోకా అని అడిగేశాడు. కంప్యూటర్ మీద రాదని తెలిసి హాల్లో గోల లేచింది. వేదిక మీది డిజైనర్ నోటి నుంచి వచ్చిన ఎదురు ప్రశ్న, మీ దగ్గర ఫోన్లు లేవా అని. ఆ ఒక్క మాట ఇప్పటికీ గేముల లోకంలో సామెతలా తిరుగుతోంది.

సుమారు నెల తర్వాత, 2018 డిసెంబరులో, సూపర్‌జెయింట్ గేమ్స్ అనే చిన్న సంస్థ 'హేడిస్' అనే ఆటను సగంలోనే అమ్మకానికి పెట్టింది. సుమారు 20 మంది పనిచేసే సంస్థ అది. 2009లో అమీర్ రావు, గావిన్ సైమన్ కలిసి మొదలుపెట్టారు. మొదటి ఆట అమీర్ రావు తండ్రిగారి ఇంట్లోనే తయారైంది. ఆట కథ 'యమగోల' చూసిన తెలుగువాడికి ఇట్టే ఎక్కుతుంది. గ్రీకుల యముడైన హేడిస్ కొడుకు జాగ్రియస్ పాతాళం నుంచి పారిపోవాలని చూస్తుంటాడు. దారిలో చస్తాడు. చచ్చిన ప్రతిసారీ ఇంట్లో నెత్తుటి మడుగులోంచి పైకి లేస్తాడు. తండ్రి రాతబల్ల ముందు నుంచి తల ఎత్తకుండానే దెప్పుతాడు. మళ్లీ బయల్దేరాలి.

అసలు సరుకు ఆటలో కాదు, ఆట వెంట వచ్చిన కాగితాల్లో దొరికింది. హేడిస్‌కు పెద్ద మార్పు వచ్చిన ప్రతిసారీ ఒక చిట్టా వెలువడేది. ఏ దేవుడి వరానికి బలం పెరిగింది, ఏ ఆయుధం దెబ్బ తగ్గింది, ఎక్కడ ఆట బిగుసుకుపోతోంది, అన్నీ వరుసగా. కిరాణా కొట్టు పద్దులా పొడిగా ఉంటుంది. చదవడానికి ఓపిక కావాలి. కానీ కొన్ని పద్దుల పక్కన ఒక చిన్న గుర్తు కనిపిస్తుంది. అదేమిటో చిట్టాలోనే చెప్పి ఉంటుంది: ఆడేవాళ్లు చెప్పినదాన్ని బట్టి చేసిన మార్పు ఇది అని.

ఇందులో ఎవరి పేరూ లేదు, పొగడ్త లేదు. మీ సూచనలు మాకు అమూల్యం అనే ప్రకటన భాష అసలే లేదు. ఎక్కడో అర్ధరాత్రి చిరాకుపడి ఈ బల్లెం దండగ అని రాసిన మనిషి, కొన్ని వారాల తర్వాత చిట్టా తెరిచి బల్లెం పద్దు పక్కన ఆ గుర్తు చూశాడంటే, తన తిట్టు చేరాల్సిన చోటికి చేరిందని తెలుస్తుంది. గుర్తు లేని పద్దులూ అంతే ముఖ్యం. ఇవి మా సొంత నిర్ణయాలు అని అవి చెబుతాయి. అభిమాని చెప్పిందల్లా వినలేదనీ, విన్నదాన్ని దాచుకోలేదనీ ఒకే కాగితం రెండూ చెప్పింది.

ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది. ఆట తెరవగానే తర్వాతి పెద్ద మార్పు ఎన్ని రోజుల్లో వస్తుందో లెక్క కనిపించేది. త్వరలో అనే మాటకు మన ఆఫీసుల్లో ఉన్న అర్థం తెలిసినవాళ్లకు ఇదెంత సాహసమో వేరే చెప్పనక్కర్లేదు. తేదీ పెట్టుకున్నవాడు తేదీకి దొరికిపోతాడు.

ఈ ఆట రచయిత గ్రెగ్ కసావిన్ ఒకప్పుడు గేమ్‌స్పాట్ అనే సమీక్షల సంస్థకు ప్రధాన సంపాదకుడు. పరాయివాళ్ల ఆటల్లో లోపాలు వెతికి రాయడమే ఉద్యోగంగా చేసినవాడు. తిట్టు వెనుక ఉండే శ్రద్ధ అలాంటివాడికి తొందరగా పట్టుబడుతుందేమో. 2020 సెప్టెంబరులో హేడిస్ పూర్తిరూపంలో వచ్చినప్పుడు అమ్మకాలు 10 లక్షలు దాటాయని సంస్థ ప్రకటించింది. అందులో 7 లక్షలు ఆట అసంపూర్తిగా ఉన్నప్పుడే కొన్నవాళ్లవి. మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో పురస్కారం తొలిసారి ఒక వీడియో గేముకు దక్కింది. ఆ గేము ఇదే.

మరో ఆటలో పాచికల మీద లేచిన గొడవ ఇంకా సరదాగా ఉంటుంది. బెల్జియంలోని లేరియన్ స్టూడియోస్ 2020 అక్టోబరులో 'బాల్డర్స్ గేట్ 3' తొలి అంకాన్ని మాత్రమే విడుదల చేసింది. అందులో తలుపు తాళం తీయాలన్నా, దెబ్బ తగలాలన్నా 20 ముఖాల పాచిక వేయాలి. పాచికలు మోసం చేస్తున్నాయని ఆడేవాళ్లు మొత్తుకున్నారు. లెక్క ప్రకారం మోసమేమీ లేదు. నూటికి 70 పాళ్లు తగలాల్సిన దెబ్బ వరుసగా మూడుసార్లు తప్పడం వందలో దాదాపు మూడుసార్లు జరుగుతుంది. వందల దెబ్బలు వేసే ఆటలో అది మామూలే. అష్టాచెమ్మాలో గవ్వలు వరుసగా మొండికేస్తే అవతలివాడిని అనుమానంగా చూడనివాడెవడు?

సంస్థ ఆ లెక్క చెప్పి నోరు మూయించవచ్చు. అలా చేయకుండా ఆటలో ఒక మీట పెట్టింది. అది వేసి ఉంచితే ఓటములు వరుసగా పడకుండా పాచికలు కాస్త సర్దుకుంటాయి. దానికి మొదట పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే అచ్చంగా శకుని పాచికలు. నిజాయితీ పాచికలు మోసంలా తోస్తున్నాయని అభిమానులు గోలపెడితే, మోసపు పాచికలను బాహాటంగా ఇచ్చారు. కావాలంటే వాడుకో, వద్దంటే మానేయ్. శకుని ఈ సంగతి ముందే సభలో చెప్పి ఉంటే భారతం అంత పొడుగయ్యేది కాదు.

ఇక్కడ ఒక అనుమానం మిగలక మానదు. తప్పులు పట్టిపెట్టే పనికి జీతమివ్వాలి, కానీ ఈ వ్యాపారంలో పనిచేసేవాడే డబ్బు కడుతున్నాడు. హేడిస్ అసంపూర్తిగా ఉన్నప్పుడు 20 డాలర్లు, పూర్తయ్యాక 25. ముందొచ్చినవాడికి ఐదు డాలర్లు కలిసొచ్చింది, సరే. లేరియన్ మాత్రం తొలి అంకానికే పూర్తి ధర, దాదాపు 60 డాలర్లు తీసుకుంది. మిగతా అంకాల కోసం 2023 ఆగస్టు దాకా ఆగాలి. ఆట బాగా కుదిరింది కాబట్టి ఎవరూ అడగలేదు. కుదరక మధ్యలో ఆగిపోయిన ఆటలూ ఉన్నాయి.

వెనకటి చరిత్ర గబగబా చెప్పుకుంటే: 2009లో మైన్‌క్రాఫ్ట్ పచ్చిగా ఉండగానే బయటికొచ్చి, ఆడేవాళ్ల మధ్యే పెరిగి 2011లో పూర్తయింది. మూడేళ్ల తర్వాత సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు దాన్ని చేసిన సంస్థను కొంటుందని అప్పుడెవరూ ఊహించలేదు. 2013 మార్చిలో స్టీమ్ అనే అమ్మకాల వేదిక అసంపూర్తి ఆటలకు ప్రత్యేకంగా చోటిచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఎక్స్‌బాక్స్ వన్ అనే గేము యంత్రానికి పెట్టిన నిబంధనల మీద అభిమానులు తిరగబడితే, విడుదలకు ముందే మైక్రోసాఫ్ట్ వాటిని వెనక్కి తీసుకుంది. 2016లో నో మ్యాన్స్ స్కై ఆశలు రేపి, వచ్చాక ఉసూరుమనిపించి, ఆ తర్వాత ఏళ్లపాటు మాటలు తగ్గించి పనిచేసి పరువు దక్కించుకుంది. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 లోపాలతో వచ్చిన వారానికే సోనీ దాన్ని తన దుకాణం నుంచి తీసేసింది.

మనవాళ్లకు ఇదంతా దూరపు గోలలా అనిపిస్తే ప్రభాస్ సినిమా గుర్తు చేసుకోవచ్చు. 2022 అక్టోబరు 2న అయోధ్యలో 'ఆదిపురుష్' టీజర్ వచ్చింది. గ్రాఫిక్స్ చూసి అభిమానులే నొచ్చుకున్నారు. 2023 సంక్రాంతికి రావాల్సిన సినిమాను జూన్ 16కు జరుపుతున్నామని, మంచి దృశ్యానుభూతి కోసం ఇంకాస్త సమయం కావాలని నవంబరులో దర్శకుడు ఓం రౌత్ ప్రకటించారు. గడువు పెంచడం మంచిదే. కానీ ఏం మారుతోందో అభిమాని తర్వాతి ట్రైలర్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది. విడుదలయ్యాక గొడవ గ్రాఫిక్స్ నుంచి మాటల మీదికి మళ్లింది. థియేటర్లలో ఆడుతున్న సినిమాకు కొన్ని డైలాగులు మార్చాల్సి వచ్చింది. దీనికి భిన్నంగా 2019లో హాలీవుడ్ 'సోనిక్' దర్శకుడు ట్రైలర్ వచ్చిన రెండు రోజుల్లోనే బొమ్మ రూపం మారుస్తామని ఒప్పుకున్నాడు. ఎక్కడ తప్పు జరిగిందో ఆయన చెప్పాడు కాబట్టి మార్పును కొలవడానికి ప్రేక్షకుడికి ఒక గీటు దొరికింది.

మన దగ్గర
హైదరాబాద్‌కు చెందిన ఓగ్రె హెడ్ స్టూడియో చేసిన 'అసుర' 2017లో స్టీమ్ మీదికి వచ్చింది. పబ్జీ మీద 2020 సెప్టెంబరు 2న నిషేధం పడితే, రెండు రోజులకే బెంగళూరు సంస్థ 'ఫౌజీ'ని ప్రకటించింది. 2021 జనవరి 26న అది వచ్చేసరికి అభిమానులు ఎదురుచూసిన పబ్జీ తరహా పోరు అందులో లేదు. పూణెకు చెందిన సూపర్‌గేమింగ్ 2024లో విడుదలైన 'ఇండస్'ను విడుదలకు ముందే ఆటగాళ్లచేత ఆడించి చూసింది.

కొండ పక్కనే ఒక నిచ్చెన
వాడేవాళ్ల చేతుల్లో మారిన ఆట ఒకటి మన పక్కనే ఉంది. హార్స్లీ హిల్స్‌కు ఎంతో దూరం లేని రిషీ వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ బడుల కోసం చేసిన పాఠాల వ్యవస్థను ఆట అనడం తప్పేమీ కాదు. పాఠ్యపుస్తకం స్థానంలో కార్డులు, గోడ మీద వైకుంఠపాళిని తలపించే నిచ్చెన, మెట్టు మెట్టుకూ బొమ్మ గుర్తు. వేరుశనగ కోతలకని వారం బడి మానేసిన పిల్ల తిరిగొచ్చాక ఆగిన మెట్టు మీదే మొదలుపెడుతుంది. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె నుంచి ప్రభుత్వ టీచర్లు వచ్చి చూశారు. చూసింది చూసినట్టు పట్టుకుపోలేదు. తమ పిల్లలకు తగ్గట్టు మార్చుకున్నారు. కర్ణాటకలో 'నలి-కలి' అనే బోధన పద్ధతి అలా పుట్టింది.

మళ్లీ సూపర్‌జెయింట్ దగ్గరికి వద్దాం. 'హేడిస్ 2' 2024 మేలో అసంపూర్తిగా బయటికొచ్చి, 2025 సెప్టెంబరు 25న పూర్తయింది. దాదాపు 16 నెలలు ఆయుధాలు, వరాలు, శత్రువులు అన్నీ అభిమానుల చేతుల్లో నలిగాయి. వాళ్లకు చూపించకుండా దాచింది ప్రధానంగా కథ ముగింపును. అది ముందే తెలిస్తే ఆటే చప్పబడిపోతుంది కదా. విడుదలయ్యాక ఎక్కువ మంది పెదవి విరిచింది ఆ ముగింపు మీదే. తర్వాతి నెలలోనే దాన్ని పొడిగించి, సర్ది, కొత్త చిట్టాలో రాశారు. బాక్సు అడుగున ఎవరి చెయ్యీ తగలని కాయ అదే.