అదే లెక్క, రెండు మాటలు: మన మెదడు ఎటు మొగ్గుతుంది?

ఈ వారం ఎపిసోడ్‌లో ఫ్రేమింగ్ గురించి మాట్లాడుకున్నాం. అంటే ఒకే విషయాన్ని లాభంలా చెబితే ఒక నిర్ణయం, నష్టంలా చెబితే ఇంకో నిర్ణయం తీసుకోవడం. చెవితో విన్న అంకెలు గుర్తుండవు కదా, అందుకే లెక్కలన్నీ ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ ఎప్పటిలాగే కింద ఉంది.

ముందు అసలు ప్రయోగం. 1981లో ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థుల్ని ఇలా అడిగారు. ఒక జబ్బు వల్ల 600 మంది చనిపోయేలా ఉన్నారు. మొదటి పద్ధతిలో 200 మంది కచ్చితంగా బతుకుతారు. రెండో పద్ధతిలో అందరూ బతకడానికి మూడింట ఒక వంతు అవకాశం, ఒక్కరూ బతకకపోవడానికి రెండు వంతుల అవకాశం. 72 శాతం మంది మొదటిదే కావాలన్నారు. ఇంకో గుంపుకి అదే లెక్కని తిప్పి, మొదటి పద్ధతిలో "400 మంది కచ్చితంగా చనిపోతారు" అని చెప్పారు. ఈసారి 78 శాతం మంది రిస్కు ఉన్న రెండో పద్ధతికే ఓటేశారు. 600 మందిలో 200 మంది బతకడమన్నా, 400 మంది పోవడమన్నా ఒకటేగా! చేతికొచ్చేది కనపడితే జాగ్రత్త పడతాం, పోయేది కనపడితే తెగిస్తాం.

ఆ టైంలో మెదడులో ఏం జరుగుతుందో 2006లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు చూశారు. 20 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, చేతిలో 50 పౌండ్లు ఉన్నాయనుకోమన్నారు. "20 ఉంచుకోండి, లేదా పందెం కాయండి" అన్నప్పుడు పందెం వైపు వెళ్లింది దాదాపు 43 శాతం సార్లు. "30 పోగొట్టుకోండి, లేదా పందెం కాయండి" అన్నప్పుడు దాదాపు 62 శాతం సార్లు. మాట ఎటు లాగితే అటు వెళ్లినప్పుడు అమిగ్దలా అనే భాగం ఎక్కువ పనిచేసింది. బాదం గింజ ఆకారంలో ఉండే ఈ భాగానికి భయం లాంటి ఉద్వేగాలతో సంబంధం ఉంది. మాటలకి తక్కువ లొంగినవాళ్లలో నుదురు వెనక ఉండే ఫ్రంటల్ భాగాలు ఎక్కువ పనిచేశాయి. కాబట్టి ఇది చదువుకోనివాళ్ల బలహీనత కాదు. ఉద్వేగం అందరికీ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకుని ఆలోచించడంలోనే తేడా.

ఇక మన బతుకులోకి వద్దాం. గోడౌన్‌లో గానీ, ఏజ్డ్ కేర్‌లో గానీ క్యాజువల్ ఉద్యోగాన్ని "గంటకి 25 శాతం ఎక్కువ" అనే చెబుతారు. దాన్నే తిప్పి చెబితే "ఏడాదికి 4 వారాల జీతంతో సెలవు లేదు, 10 రోజుల సిక్ లీవ్ లేదు, షిఫ్టుకి గ్యారంటీ లేదు".

పర్మనెంట్‌కి గంటకి 28 డాలర్లు, క్యాజువల్‌కి 35 అనుకుందాం. వారానికి 38 గంటలు. పర్మనెంట్ మనిషికి సెలవుతో కలిపి 52 వారాల జీతం, అంటే 55,328 డాలర్లు. క్యాజువల్ మనిషికి వారానికి 1,330. అంటే అంత సంపాదించాలంటే 41 వారాల పైచిలుకు పని దొరకాలి. ఇండియా ప్రయాణానికి 4 వారాలు, జ్వరానికీ జలుబుకీ 2 వారాలు, పబ్లిక్ హాలిడేలు ఇంకో 2 వారాలు పోతే 44 వారాలు మిగిలాయి. ఇంకో రెండున్నర వారాలు షిఫ్టులు రాకపోతే చాలు, ఆ 25 శాతం ఆవిరైపోయినట్టే.

నేను క్యాజువల్ వద్దనడం లేదు. షిఫ్టులు నిండుగా దొరికేవాళ్లకి అదే ఎక్కువ మిగులుతుంది. కానీ పర్మనెంట్‌కి మారే మాట వచ్చినప్పుడు మనకి "గంటకి 7 డాలర్లు పోతాయి" అన్నదే కనపడుతుంది, మనసు వెనక్కి లాగుతుంది. 2024 ఆగస్టులో మారిన చట్టం ప్రకారం 6 నెలలు (చిన్న కంపెనీలో 12 నెలలు) పనిచేసి, పని నిజంగా క్యాజువల్ తరహాలో లేదనుకుంటే, పర్మనెంట్ చేయమని యజమానికి రాసివ్వొచ్చు. రాసేముందు మీ అంకెలతో పై లెక్క ఒకసారి వేయండి.

రెండోది పోకీలు. విక్టోరియాలో ఈ మెషిన్లు సగటున కనీసం 87 శాతం తిరిగివ్వాలని రూలు. "వందకి 87 వెనక్కొస్తాయి" అంటే బాగానే ఉంది కదా? తిప్పి చెప్పుకోండి: వంద పెడితే సగటున 13 పోతాయి. వచ్చిన 87 మళ్లీ పెడితే 76 అవుతుంది. అలా మొత్తం డబ్బు అయిదు సార్లు తిరిగేసరికి సగటున 50 మిగులుతుంది. అక్కడే అసలు ప్రమాదం మొదలవుతుంది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి అనే మన సామెత తాళంచెవికి పనికొస్తుంది గానీ జూదానికి కాదు. ఇంటికి పంపాల్సిన డబ్బు పోయిందనుకున్న మనసు ఆ క్షణంలో తెగిస్తుంది.

ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. ఆన్‌లైన్ బెట్టింగ్ యాడ్స్‌లో "బాధ్యతగా ఆడండి" అనే పాత మాట తీసేసి, 2023 మార్చి నుంచి ఓడిపోయే అవకాశమే ఎక్కువని సూటిగా చెప్పే మాటలు పెట్టించారు. అదే జూదం, మాట ఒక్కటే మారింది.

మనకి ఇంకో వెసులుబాటు కూడా ఉంది. 2012లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు జబ్బు ప్రశ్న లాంటివే పరాయి భాషలో అడిగితే, మాట తిప్పినా జవాబులు పెద్దగా మారలేదు. అమ్మభాషలో మాట గుండెకి త్వరగా తగులుతుంది, నేర్చుకున్న భాష కాస్త దూరంగా నిలబెడుతుంది అని వాళ్ల ఆలోచన. మనం రోజూ రెండు భాషల మధ్యే కదా బతికేది! అందుకే సంతకం పెట్టేముందు ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి: "నాకు వచ్చేది ఇంత", "నాకు పోయేది ఇంత". ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లిష్‌లో. నాలుగు సార్లు చదివినా అదే నిర్ణయం వస్తే ముందుకెళ్లండి. మారితే ఒక రాత్రి ఆగండి.

పోకీలు, బెట్టింగ్ చేయి దాటిపోతున్నాయి అనిపిస్తే 1800 858 858కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటారు. తెలుగులో మాట్లాడాలంటే ముందు 131 450కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి.