పట్టిన బోల్టులు

పాత మోటారు కార్ల గేరుపెట్టెను బాగుచేయుటలో పండ్లచక్రములను మార్చు పనికంటె, పెట్టెను పట్టియుంచిన బోల్టులను విప్పు పనికే పెక్కుసార్లు హెచ్చు కాలము పట్టును. ఈ పని బలముచే గాక యుక్తిచే సాధ్యమగునని మన విద్యార్థులకు తెలుపుటయే మా యుద్దేశము.

ఉదాహరణమునకు మనమందరము ఎరిగిన అంబాసిడరు కారును తీసికొందము. ఇది ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి వంగదేశమందలి ఉత్తరపారాలో తయారైనది. 2014లో దీని తయారీ నిలిచిపోయెను. కావున పెట్టెకు పగులు పట్టినను, బోల్టురంధ్రములోని మరలు చెడినను, క్రొత్త పెట్టె కర్మాగారమునుండి రాదు. పాతసామానుల అంగళ్లలో వెదకికొనవలసినదే. స్వల్పవెలగల బోల్టును మొరటుగా త్రిప్పి విరిచినవాడు దుర్లభమైన పెట్టెనే పోగొట్టుకొనవచ్చును.

బోల్టు ఏల పట్టును? గేరుపెట్టె కారు క్రిందిభాగమున నుండుటచే వాననీరును బురదయు దానిపై పడుచుండును. తడియు గాలిలోని ప్రాణవాయువును కలిసి ఇనుమునకు త్రుప్పు పట్టించును. ఆ త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె కొన్నిరెట్లు ఎక్కువ చోటాక్రమించును. మరల నడుమ సందు మిక్కిలి స్వల్పము. అందులో పెరిగిన త్రుప్పు మేకు దిగగొట్టినట్లు బిగిసికొనును. కొన్ని కార్లలో పెట్టె అల్యూమినియముతో పోతపోయబడి, బోల్టు ఉక్కుదై యుండును. ఈ రెండు లోహములు తడిలో తగిలియున్నచో సన్నని విద్యుత్ప్రవాహము పుట్టి అల్యూమినియమును తినివేయును. అప్పుడు మరలలో తెల్లని పొడి నిండును.

ఇక విప్పు క్రమము. జాకీపై మాత్రమే నిలిపిన కారుక్రిందికి ఎన్నడును దూరరాదు. బలమైన ఆధారములపై నిలుపవలెను. చమురు తీయుటకు పూర్వము, చమురు పోయు బిరడాను ముందుగా విప్పి చూడవలెను. క్రింది బిరడా తీసి చమురంతయు కార్చిన పిమ్మట పై బిరడా రాకున్నచో, తిరిగి పోయుటకు దారి యుండదు.

పానా సరియైన కొలతది కావలెను. 1841లో జోసెఫ్ విట్‌వర్తు ప్రతిపాదించిన మరలకు తగిన పానాలపై నుండు అంకె బోల్టు కాడ కొలతను తెలుపును. అమెరికా పద్ధతి పానాలపై నుండు అంకె తల పలకల నడిమి వెడల్పును తెలుపును. అందుచే రెంటిపైనను అర అంగుళమనియే యున్నను రెండును ఒకటి గావు. సరిపడని పానా తల మూలలను అరగదీయును. ఆరుపలకల రింగుపానా యన్నిటికంటె శ్రేష్ఠము.

తీగబ్రష్షుతో మట్టి తోమి, త్రుప్పులోనికి ఇంకు పలుచని నూనె వేసి, రాత్రియంతయు విడువవలెను. మరునాడు బోల్టుతలపై సుత్తితో తిన్నగా కొన్ని దెబ్బలు వేసినచో, ఆ అదురునకు త్రుప్పు చిట్లి నూనె లోనికి దిగును. పిమ్మట ముందుగా కొంచెము బిగించి, అటుపై విప్పవలెను. కదలినంతనే ఒక్కపెట్టున త్రిప్పక, ముందునకును వెనుకకును నడుపుచు నూనె వేయుచుండవలెను.

అప్పటికిని కదలనిచో వేడిమి సహాయము. బోల్టును గాక దానిచుట్టునున్న లోహమును వేడిచేయవలెను. రంధ్రము వ్యాకోచించి పట్టు సడలును. అల్యూమినియము ఉక్కుకంటె సుమారు రెండురెట్లు వ్యాకోచించును గనుక అచ్చట ఫల మధికము. కాని చమురు, పెట్రోలు సమీపమున నుండగా నిప్పు ముట్టించుట ప్రాణాపాయము. పెట్టెను కారునుండి దింపి తుడిచిన పిమ్మటనే, పెద్దల సమక్షమున ఈ పని జరుగవలెను.

తల విరిగినచో, మిగిలిన కాడ నడిమధ్యమున గుర్తుపెట్టి ఎడమవైపు తిరుగు బర్మాతో తొలువవలెను; తొలుచుచుండగనే అది ఊడివచ్చుటయు కలదు. అట్లు రానిచో, ఎడమమరలుగల తీయు సాధనమును ఆ రంధ్రమున దించి త్రిప్పుదురు. ఈ సాధనము మిక్కిలి గట్టి ఉక్కుతో చేయబడును; లోపల విరిగినచో మామూలు బర్మా దానిని తొలువజాలదు. కావున బలము హద్దుమీరరాదు.

తిరిగి బిగించునపుడు మరలను శుభ్రపరచి పలుచగా గ్రీజు పూయవలెను. గ్రీజు పూసిన బోల్టు అదే బలమునకు అధికముగా బిగియును గనుక, కొంచెము తగ్గించి బిగించుట మంచిది. కొన్నియేండ్లకు ఈ పెట్టెను మరల విప్పువాడెవడో మన మెరుగము. అతని శ్రమను తగ్గించుట మాత్రము నేడు మన చేతిలో నున్నది.